యాంకీస్ క్యాచర్లపై ఒక నిష్పాక్షిక శ్వేతపత్రం

యుద్ధాలు, ధరలు, ఎన్నికలు లాంటి చిన్నాచితకా సమస్యలు లోకానికి ఉండనే ఉన్నాయి. వాటి సంగతి చూసేవాళ్ళు చూస్తున్నారు. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టుకు ఆడిన క్యాచర్లలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నను మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. న్యూజెర్సీలో ఇన్ని తెలుగు సంఘాలున్నాయి, ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టిస్తాయి, పోటాపోటీగా కమిటీలు వేస్తాయి. ఈ విషయం మీద ఒక్క తీర్మానం కూడా చేయలేదు. అందుకని ఈ శ్వేతపత్రం నేనే విడుదల చేస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే చేసేది పని అవుతుంది గానీ బాధ్యత కాదు.

ముందుగా నిష్పాక్షికత గురించి. నేను యాంకీస్ అభిమానిని. దీన్ని లోపంగా చూడకూడదు, అర్హతగా చూడాలి. వేరే జట్ల అభిమానులకు యాంకీస్ అంటే పగ. ఏ జట్టూ లేనివాళ్ళకు ఆసక్తి లేదు. పగ, నిరాసక్తత రెండూ లేనివాడి కోసం వెతికితే నేను తప్ప ఇంకెవరూ కనబడలేదు. బోస్టన్‌లో ఉండే మా బావమరిది యాంకీస్‌కు ఆగర్భశత్రువైన రెడ్ సాక్స్ జట్టు అభిమాని. "బావా, నువ్వే జడ్జివి, నువ్వే వకీలువి, నువ్వే సాక్షివి అయితే ఎట్లా?" అని ఫోన్లో అడిగాడు. ఖర్చు తగ్గుతుందని చెప్పాను.

క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని పాఠకుల కోసం ఒక మాట. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, కానీ వికెట్ కీపర్ పడే కష్టం ఇక్కడ మొదటి పావుగంటలో అయిపోతుంది. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, గంటకు 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతిని పట్టుకోవాలి. ఒక ఆటలో నూటయాభై బంతుల దాకా ఇదే పని. ఏ బంతి వేయాలో పిచర్‌కి చెప్పేది కూడా ఇతనే. మైదానంలో మిగతా ఎనిమిది మందీ బ్యాటర్ వైపు చూస్తూ నిలబడితే, ఇతనొక్కడే వాళ్ళందరి వైపు తిరిగి కూర్చుంటాడు. ముఖానికి మాస్క్, ఛాతీకి కవచం, మోకాళ్ళ కింద డాళ్ళు తొడుక్కుంటాడు. ఈ సరంజామాకు అమెరికన్లు పెట్టుకున్న ముద్దుపేరు 'అజ్ఞానపు పనిముట్లు'. బుద్ధున్నవాడెవడూ వాటిని ఒంటిమీద వేసుకోడని దాని అర్థం.

ఇక అసలు విషయం. సీజన్ చివర జరిగే ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌ను యాంకీస్ 27 సార్లు గెలిచారు. ఎందుకు గెలిచారంటే జనం బేబ్ రూత్ అంటారు, లూ గెరిగ్ అంటారు, డిమాజియో, మాంటిల్, జీటర్ అంటారు. నా పరిశోధనలో తేలిందేమిటంటే, వీళ్ళంతా క్యాచర్లకు సహాయ సిబ్బంది.

రుజువు కావాలా? 1961 సంవత్సరం తీసుకోండి. ఆ ఏడాది రోజర్ మారిస్ 61 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి బేబ్ రూత్ రికార్డు బద్దలు కొట్టాడని ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. అదే ఏడాది ఎల్‌స్టన్ హోవర్డ్ 21, యోగి బెర్రా 22, జానీ బ్లాంచర్డ్ 21 కొట్టారు. ముగ్గురూ క్యాచర్లే. కలిపితే 64. అంటే మారిస్ కంటే మూడు ఎక్కువ. ముగ్గురిని కలిపి ఒక్కడితో పోల్చడం అన్యాయమని కొందరు అంటారు. యోగి ఆ ఏడాది ఎక్కువ భాగం లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడాడని ఇంకొందరు గుర్తుచేస్తారు. ఇలాంటి సన్నాయి నొక్కులకు శ్వేతపత్రంలో చోటు లేదు.

యాంకీస్‌లో గొప్ప ఆటగాడు ఆట మానేశాక అతని జెర్సీ నంబర్ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. అలా పక్కన పెట్టుకుంటూ పోయి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క అంకె కూడా ఆడేవాళ్ళకు మిగల్లేదు. అందులో 8 మాత్రం జాయింట్ పట్టా. 1972లో బిల్ డికీ, యోగి బెర్రా ఇద్దరి పేరు మీదా రాసిచ్చారు. ఇద్దరూ క్యాచర్లే, ఇద్దరూ వేసుకున్నది అదే నంబర్. ఇద్దరు వారసులున్న ఆస్తి కోర్టుకెక్కకుండా ఇన్నేళ్ళు నిలవడమే ఒక విశేషం.

డికీ 1928లో వచ్చాడు. వరసగా 13 సీజన్లు, ఒక్కోదాంట్లో వందకు తగ్గకుండా ఆటలు గొంతుక్కూర్చుని ఆడాడు. 1936లో .362 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకు 362 హిట్ల లెక్కన కొట్టాడు. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు, గెరిగ్‌కి ప్రాణస్నేహితుడు అని అందరూ రాశారు. అంతటి నెమ్మదస్తుడు 1932లో వాషింగ్టన్ జట్టు కార్ల్ రేనాల్డ్స్ పరుగెత్తుకొచ్చి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే, పరుగు పూర్తయ్యే చోటు) దగ్గర గుద్దుకుంటే, లేచి ఒక్క గుద్దుతో అతని దవడ విరగ్గొట్టాడు. ముప్పై రోజుల సస్పెన్షన్, వెయ్యి డాలర్ల జరిమానా. నా మార్కుల పట్టికలో నెమ్మదితనానికి ఐదు మార్కులు, దవడకు పది వేశాను. మా బావమరిది తరఫు ఆటగాడెవరైనా ఇదే పని చేసి ఉంటే గూండాయిజం కింద రాసేవాణ్ణి. అది వేరే ఫైలు.

యోగి బెర్రా దగ్గర కాస్త నింపాదిగా ఆగాలి, ఎందుకంటే అతనిలో మన వాటా ఉంది. సెయింట్ లూయీలో ఇటాలియన్ల పేటలో 1925లో పుట్టిన పిల్లవాడి పేరు లారెన్స్. కుర్రాడిగా ఉన్నప్పుడు, ఇండియా గురించిన ఒక చిన్న సినిమా చూసిన స్నేహితుడొకడు, అందులో కాళ్ళు మడిచి కూర్చున్న యోగిలాగా వీడూ కూర్చుంటాడని ఆ పేరు పెట్టాడట. ఆ పేరే బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్ళింది. మన దేశం నుంచి బేస్‌బాల్‌కి ఇంతకంటే పెద్ద ఎగుమతి ఏదీ లేదు, అందుకు మనకు ఒక్క డాలరు రాయల్టీ కూడా రాలేదు. దీనిమీద సంఘాలు తీర్మానం చేయవచ్చు.

మనిషి ఐదడుగుల ఏడంగుళాలు. చూసినవాళ్ళకు ఆటగాడిలా కనిపించేవాడు కాదు. పద్దెనిమిదేళ్ళకు నేవీలో చేరి, నార్మండీ దండయాత్ర రోజున సముద్రం మీద రాకెట్ పడవలో ఉన్నాడు. తర్వాత వచ్చి ఆటగాడిగా పది వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. బేస్‌బాల్ చరిత్రలో ఇంకెవరికీ అన్ని లేవు. మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. 1950లో సీజన్ మొత్తం ఆడి, 28 హోమ్ రన్లు కొట్టి, స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి ఔటవడం) అయింది పన్నెండుసార్లు. ఇప్పటి వీరులు కొందరు ఆ పన్నెండూ పది రోజుల్లో పూర్తిచేసి, పదకొండో రోజు విశ్రాంతి తీసుకుంటారు.

ఇంత చేసినా జనానికి గుర్తున్నది అతని మాటలు. ఒక హోటల్ గురించి, "అక్కడికి ఇప్పుడెవరూ వెళ్ళడం లేదు, జనం మరీ ఎక్కువైపోయారు" అన్నాడు. "దారి రెండుగా చీలితే, ఏదో ఒకటి పట్టుకో" అన్నాడు. జనం వేదాంతం వెతికారు గానీ, న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్‌లో అతని ఇంటికి ఆ రెండు దారుల్లో ఎటు వెళ్ళినా చేరుకోవచ్చు. తర్వాత దేశంలో ఎవరు ఏ తిక్కమాట అన్నా అతని ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. "నేను అన్నవన్నీ నేను అన్నవి కావు" అని అతనే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర వేమన పరిస్థితీ ఇదే.

ఇప్పుడు ఒక సున్నితమైన కేసు. 1955 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ మూడో బేస్ నుంచి నేరుగా హోమ్ ప్లేట్‌కి దూసుకొచ్చాడు. యోగి ట్యాగ్ చేశాడు, అంటే బంతి ఉన్న గ్లవ్‌తో తాకాడు. అంపైర్ బిల్ సమ్మర్స్ సేఫ్ అన్నాడు. యోగి అంపైర్ మీదికి ఎగిరి పడ్డాడు. ఆ ఎగరడం అరవై ఏళ్ళు ఆగలేదు. ఆ ఫొటో ఎవరైనా తెచ్చిస్తే దాని మీద 'ఔటే' అని రాసి సంతకం పెట్టేవాడు. నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను. కాలు ముందా, గ్లవ్ ముందా అనేది మామూలు కళ్ళకు తేలదు. నా కళ్ళకు మాత్రం ఔట్ అని స్పష్టంగా కనబడింది. ఇది అభిమానం కాదు, చూపు.

అతని జీవితంలో మిగతా భాగం పురాణంలాగే ఉంటుంది. 1985లో యాంకీస్ మేనేజర్‌గా ఉన్నప్పుడు, సీజనంతా నువ్వేనని యజమాని జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ మాట ఇచ్చాడు. పదహారు ఆటలు కాగానే తీసేశాడు. ఆ సంగతి చెప్పడానికి కూడా తాను రాకుండా ఇంకొకర్ని పంపాడు. యోగి అలిగి పద్నాలుగేళ్ళు యాంకీ స్టేడియం గడప తొక్కలేదు. తెలుగువాళ్ళుగా మనకు అలకలు తెలుసు. పెళ్ళిలో భోజనానికి సరిగా పిలవలేదని రెండు తరాలు మాట్లాడుకోని కుటుంబాలు మనవి. కానీ తన కంచు ఫలకం ఉన్న గుడికే పద్నాలుగేళ్ళు వెళ్ళకుండా ఉండటం వేరే స్థాయి. చివరికి 1999 జనవరిలో స్టైన్‌బ్రెన్నరే న్యూజెర్సీకి వచ్చి, యోగి మ్యూజియంలో క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ జులై 18న యాంకీ స్టేడియంలో యోగి బెర్రా డే జరిపారు. 1956 వరల్డ్ సిరీస్‌లో యోగి పట్టుకుంటుండగా పర్ఫెక్ట్ గేమ్ వేసిన డాన్ లార్సన్ వచ్చి లాంఛనంగా తొలి బంతి వేశాడు. పర్ఫెక్ట్ గేమ్ అంటే అవతలి జట్టు బ్యాటర్లు ఇరవై ఏడుసార్లు వచ్చి ఒక్కసారి కూడా బేస్ చేరకుండా వెనక్కి పోవడం. ఆ బంతి పట్టుకోవడానికి యోగి, అప్పటి క్యాచర్ జో జిరార్డి గ్లవ్ అడిగి తీసుకున్నాడు. తర్వాత ఆట మొదలైంది. డేవిడ్ కోన్ వేశాడు, జిరార్డి పట్టాడు, అదీ పర్ఫెక్ట్ గేమ్ అయింది. కోన్ వేసిన బంతులు మొత్తం 88. ఒక ఎనిమిది డికీది, ఒక ఎనిమిది యోగిది. హేతువాదులు దీన్ని యాదృచ్ఛికం అంటారు, పాపం, వాళ్ళకూ ఏదో ఒక నమ్మకం ఉండాలి కదా. యోగి తొలిసారి యాంకీస్‌కి ఆడింది 1946 సెప్టెంబర్ 22న, కన్నుమూసింది 2015 సెప్టెంబర్ 22న.

జిరార్డి గురించి వేరే పేరా అక్కర్లేదు. 1996 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో గ్రెగ్ మాడక్స్ అంతటి పిచర్ మీద ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, తర్వాత మేనేజర్‌గా 2009లో కప్పు తెచ్చాడు. గ్లవ్ అప్పు ఇచ్చినందుకు అదనంగా రెండు మార్కులు.

ఎల్‌స్టన్ హోవర్డ్ దగ్గర శ్వేతపత్రం కొంచెం ఇబ్బంది పడుతుంది. జాకీ రాబిన్సన్ 1947లో బ్రూక్లిన్‌కి ఆడటం మొదలుపెట్టాడు. అదే నగరంలో, వంతెనకు ఈవల, యాంకీస్ తమ మొదటి నల్లజాతి ఆటగాడిని మైదానంలోకి దింపింది 1955లో. మధ్యలో ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళూ యాజమాన్యం సరైన మనిషి కోసం వెతుకుతూనే ఉందట. రాబిన్సన్ రోజూ కనబడుతూనే ఉన్నాడు, వాళ్ళకు వరల్డ్ సిరీస్‌లో ఎదురుగా నిలబడి ఆడుతూనే ఉన్నాడు. వెతకడంలో అంత నిష్ఠ ఉన్నవాళ్ళకు దొరకడం ఆలస్యమవుతుంది.

వచ్చాక కూడా క్యాచర్ స్థానం ఖాళీ లేదు, అక్కడ యోగి కూర్చుని ఉన్నాడు. హోవర్డ్ కొన్నేళ్ళు లెఫ్ట్ ఫీల్డ్‌లో, ఫస్ట్ బేస్‌లో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు. 1963లో, యాంకీస్ ఆడే అమెరికన్ లీగ్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ లీగ్‌లో ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. బ్యాటర్లు వార్మప్‌లో బ్యాట్‌కి తొడిగే బరువైన రింగు ప్రచారంలోకి రావడం వెనకా అతనున్నాడు. నాలుగేళ్ళ తర్వాత జట్టు అతన్ని పంపేసింది. ఎక్కడికి? బోస్టన్‌కి. ఆ ఒక్క సంతకానికి యాంకీస్ యాజమాన్యానికి నేను ఇప్పటికీ మైనస్ మార్కులు వేస్తూనే ఉన్నాను. తర్వాత తిరిగొచ్చి కోచ్‌గా పనిచేశాడు, 1980లో యాభయ్యొకటో ఏట పోయాడు. 32వ నంబర్‌ని పక్కన పెట్టింది 1984లో. ఆలస్యం చేయడంలో జట్టుకు ఒక సంప్రదాయం ఉంది.

థర్మన్ మన్సన్ విషయానికొస్తే, మీసం గురించి ముందు చెప్పాలి. స్టైన్‌బ్రెన్నర్ రోజుల్లో యాంకీస్ ఆటగాళ్ళు గడ్డం పెంచకూడదు, మీసం ఉండొచ్చు. తెలుగు సంస్కృతికి ఇంత దగ్గరైన నిబంధన అమెరికన్ క్రీడల్లో ఇంకోటి లేదు. మన్సన్ దాన్ని పూర్తిగా వాడుకున్నాడు. ఒహాయోలో కాంటన్ కుర్రాడు, పొట్టిగా, దిట్టంగా, ఎప్పుడూ ఎవరిమీదో విసుక్కుంటున్నట్టుండేవాడు. 1970లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు), 1976లో ఎంవీపీ. లూ గెరిగ్ తర్వాత యాంకీస్ కెప్టెన్ అని ఎవరినీ పిలవలేదు. 1976లో ఇతన్ని పిలిచారు. అదే ఏడాది వరల్డ్ సిరీస్‌లో జట్టు నాలుగుకు నాలుగు ఓడిపోతే, ఇతను .529 సగటుతో కొట్టాడు.

బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ అంటే ఇతనికి ఒళ్ళుమంట. ఫిస్క్ పొడగరి, అందగాడు, పత్రికలకు ముద్దు. 1973 ఆగస్టు 1న ఫెన్‌వే పార్క్‌లో మన్సన్ హోమ్ ప్లేట్ దగ్గర ఫిస్క్‌ని గుద్దుకున్నాడు, ఇద్దరూ కలబడ్డారు, ఇద్దర్నీ బయటికి పంపారు. ఇంకో కథ కూడా చెబుతారు. అసిస్ట్‌ల (అవతలివాణ్ణి ఔట్ చేయడానికి సాయపడిన విసుర్ల) లెక్కలో ఫిస్క్ ముందున్నాడని ఒకరోజు కాగితంలో చూసి, ఆ ఆటలో మన్సన్ మూడో స్ట్రైక్ బంతుల్ని కావాలని కింద పడేసి, ఏరుకుని ఫస్ట్ బేస్‌కి విసిరి, అసిస్ట్‌లు సంపాదించాడట. నిజమో కాదో గానీ, ఇంత చిన్న విషయానికి ఇంత కష్టపడేవాడే నాకు నాయకుడు. ఫిస్క్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు, మన్సన్ లేడు. మా బావమరిది ఏడాదికోసారి ఈ సంగతి గుర్తుచేస్తాడు. హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తింపును నేను రద్దు చేశానని ఏడాదికోసారి చెబుతాను.

1979 ఆగస్టు 2న, సెలవు రోజున, తన చిన్న విమానాన్ని ఎక్కించడం దించడం ప్రాక్టీస్ చేస్తుండగా ఏక్రన్-కాంటన్ విమానాశ్రయం దగ్గర కూలి మన్సన్ చనిపోయాడు. ముప్పై రెండేళ్ళు. ఇంటికి, పిల్లల దగ్గరికి తొందరగా వెళ్ళొచ్చని విమానం నడపడం నేర్చుకున్నాడు. మర్నాడు ఆట మొదలవకముందు ఎనిమిది మంది యాంకీస్ మైదానంలోకి వచ్చి నిలబడ్డారు, హోమ్ ప్లేట్ వెనక ఎవరూ కూర్చోలేదు. ఆగస్టు 6న జట్టంతా కాంటన్ వెళ్ళి అంత్యక్రియలు చూసుకుని, ఆ రాత్రికే తిరిగొచ్చి ఆడింది. పొద్దున చర్చిలో స్నేహితుడి గురించి మాట్లాడిన బాబీ మర్సర్, రాత్రి యాంకీస్ చేసిన ఐదు పరుగులూ తానే రప్పించాడు. 5-4. దీనికి మార్కులు వేయలేదు.

హోర్హే పొసాడా పోర్టోరికోవాడు. 1990 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, ఇరవై నాలుగో రౌండ్‌లో తీసుకున్నారు, అంటే దాదాపు లెక్కలో లేనట్టే. సెకండ్ బేస్ ఆడుకుంటున్నవాణ్ణి తీసుకొచ్చి అజ్ఞానపు పనిముట్లు తొడిగారు. 275 హోమ్ రన్లు కొట్టాడు. 2003లో బోస్టన్‌తో లీగ్ ఫైనల్ ఏడో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, పెడ్రో మార్టినెజ్ బౌలింగ్‌లో ఇతని బ్యాట్‌కి తగిలిన బంతి గాల్లో తేలి, ఎవరికీ అందని చోట పడి, స్కోరు సమం చేసింది. మా బావమరిది దాన్ని 'అదృష్టం' అంటాడు. అదృష్టానికి కూడా ఎవరి బ్యాట్ మీద కూర్చోవాలో తెలుసు.

పొసాడా బ్యాటింగ్ గ్లవ్స్ వేసుకునేవాడు కాదు. అరచేతులు గట్టిపడాలని వాటిమీద మూత్రం పోసుకునేవాణ్ణని తనే ఒప్పుకున్నాడు. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో తనతో షేక్‌హ్యాండ్ జోలికి రావద్దని కూడా హెచ్చరించాడు. మన పల్లెల్లో దెబ్బ తగిలితే ఇదే వైద్యం చేసే పెద్దలుండేవారు, కాబట్టి అసహ్యించుకునే హక్కు మనకు లేదు. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో ఇతనికి 3.8 శాతం వచ్చింది, మొదటి ఏడాదే జాబితాలోంచి పోయాడు. ఓటు వేసే విలేకరులంతా ఎప్పుడో ఒకప్పుడు ఇతనితో చెయ్యి కలిపి ఉంటారని నా అనుమానం.

గ్యారీ శాంచెజ్‌ని జాబితాలో పెట్టాలా వద్దా అన్నదానిపై నాలో నేను చాలాసేపు చర్చించుకున్నాను. 2016లో వచ్చీ రాగానే 53 ఆటల్లో 20 హోమ్ రన్లు. తర్వాత బంతులు అతని పక్కనుంచి, కిందనుంచి వెనక్కి పోవడం మొదలైంది. స్టేడియంలో పక్కసీటు పెద్దాయన ఒకాయన ప్రతి బంతికీ కళ్ళు మూసుకునేవాడు. శాంచెజ్‌కి సానుభూతి మార్కులు వేశాను.

ఇప్పటి క్యాచర్లకు కొత్త విద్య ఒకటుంది. స్ట్రైక్ జోన్‌కి (స్ట్రైక్ అనిపించుకోవాలంటే బంతి పడాల్సిన ఊహా చట్రానికి) కాస్త బయటపడిన బంతిని పట్టుకుంటూనే నెమ్మదిగా లోపలికి లాగి, లోపలే పడిందని అంపైర్‌ని నమ్మించడం. దీన్ని ఫ్రేమింగ్ అంటారు. బయట చేస్తే దీనికి శిక్షాస్మృతిలో సెక్షన్ ఉండేది, ఇక్కడ అవార్డు ఇస్తారు. 2022లో ఇందులో ఆరితేరిన హోసే ట్రెవీనోకి ప్లాటినం గ్లవ్ వచ్చింది. ఇప్పుడున్న ఆస్టిన్ వెల్స్ కూడా ఇదే బడి. 2024లో రూకీల ఓటింగ్‌లో మూడో స్థానంలో వచ్చాడు. మంచి కుర్రాడే, కానీ ఇంతవరకు ఎవరి దవడా విరగ్గొట్టలేదు, యజమాని మీద అలగలేదు, కాబట్టి ప్రొబేషన్‌లో ఉంచాను.

పాపం, అతనికి వచ్చిన కాలం కూడా మంచిది కాదు. 2026 నుంచి మేజర్ లీగ్స్‌లో అంపైర్ చెప్పిన బాల్, స్ట్రైక్ నిర్ణయాన్ని కెమెరాల ముందు సవాలు చేయొచ్చు. జట్టుకు రెండు అవకాశాలు, తప్పితే పోతాయి. పిచర్ గానీ, క్యాచర్ గానీ, బ్యాటర్ గానీ తలమీద తట్టుకుంటే చాలు, బంతి ఎక్కడ పడిందో తెరమీద చూపించేస్తారు. నాజూగ్గా లోపలికి లాగిన బంతి గుట్టు అక్కడికక్కడే బయటపడుతుంది. యోగి ఉండుంటే ఆ రెండు అవకాశాలూ మొదటి ఇన్నింగ్స్‌లోనే జాకీ రాబిన్సన్ మీద ఖర్చుపెట్టేవాడు. ఇది స్ట్రైకులకే గానీ పాత కేసులకు వర్తించదని అంపైర్ ఎంత చెప్పినా, తల తట్టుకుంటూనే ఉండేవాడు.